మొక్కజొన్నలో ఆకు తెగుళ్లు: మచ్చను గుర్తుపట్టాకే మందు

సార్వా వరి కోసిన చేలల్లో, గోదావరి లంకల్లో, మెట్ట పొలాల్లో వేసిన రబీ మొక్కజొన్న సంక్రాంతి అటూ ఇటుగా పూతకు వస్తుంది. మంచు దట్టంగా కురిసే రోజులూ అవే. పొద్దెక్కేదాకా ఆకు తడి ఆరకపోతే శిలీంధ్ర తెగుళ్లు విజృంభిస్తాయి. మచ్చ కనపడగానే దొరికిన మందల్లా కొడితే ఖర్చే మిగులుతుంది. మచ్చ ఆకారం ఏమిటి, ఎక్కడ మొదలైంది అన్నవి ముందు చూడండి.

ఆకు ఎండు తెగులు (టర్సికమ్): కింది ఆకుల మీద మొదలై పైకి పాకుతుంది. కోలగా, రెండు కొసలా సన్నబడిన పొడవాటి మచ్చలు ముందు బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా ఉండి, తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్కో మచ్చ 15 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. చల్లదనం, తేమ కలిస్తే త్వరగా వ్యాపిస్తుంది.

మేడిస్ ఆకుమాడు తెగులు: మచ్చలు చిన్నవి. ఈనెల మధ్య ఇమిడి, అంచులు సమాంతరంగా ఉంటాయి. కాస్త వెచ్చని వాతావరణంలో ఎక్కువ.

తుప్పు తెగులు: ఆకుకు రెండు వైపులా ఇటుకరంగు పొక్కులు లేస్తాయి. వేలితో రుద్దితే పొడి అంటుతుంది.

పాముపొడ తెగులు: నేలకు దగ్గరగా ఉన్న ఆకు తొడిమల మీద పట్టీలు పట్టీలుగా మొదలవుతుంది. వరిలో పాముపొడ తెచ్చే శిలీంధ్రమే దీనికీ కారణం. సార్వాలో ఆ తెగులు సోకిన చేనైతే మొక్కజొన్న మొదళ్లను మరింత జాగ్రత్తగా గమనించండి.

తెగులు కానివి: కింది ఆకు కొన నుంచి నడిమి ఈనె వెంట పసుపు దిగితే నత్రజని లోపం. కింది ఆకుల అంచులు మాడితే పొటాష్ లోపం. వీటికి తెగుళ్ల మందు పనిచేయదు.

నివారణ: ఎండు, ఆకుమాడు, తుప్పు తెగుళ్లకు తొలి మచ్చల దశలోనే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి, కింది ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. తెగులు ఆగకపోతే లీటరుకు 1 మిల్లీలీటరు ప్రోపికోనజోల్ వాడవచ్చు. పాముపొడకు నేలను తాకే రెండు మూడు ఆకులు తుంచి చేను బయట వేసి, ప్రోపికోనజోల్‌ను మొదళ్లకు తగిలేలా కొట్టాలి. కండెకు ఆనుకున్న ఆకు, దానిపై ఆకులే గింజకు ఎక్కువ బలం ఇస్తాయి. వాటిని పచ్చగా నిలపడమే మన లక్ష్యం. గింజ గట్టిపడ్డాక పిచికారీ వల్ల లాభం లేదు.

వచ్చే ఏడాదికి: తెగులు సోకిన చొప్పను చేలో వదలకండి. ఊరంతా ఒకే హైబ్రిడ్ వేయకండి. అమెరికాలో ఎక్కువ భాగం హైబ్రిడ్లు ఒకే మూలం నుంచి వచ్చినందువల్లే 1970లో మేడిస్ తెగులు అక్కడి పంటలో దాదాపు 15 శాతాన్ని నాశనం చేసింది.

అనుమానం ఉంటే మచ్చలున్న ఆకులను కాగితంలో చుట్టి రైతు సేవా కేంద్రానికో, ఉండి, కలవచర్ల కృషి విజ్ఞాన కేంద్రాలకో తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో ఆకు కుళ్లి, మచ్చ గుర్తుపట్టడం కష్టమవుతుంది.