లోహధూమం: ఇంటి షెడ్డులో వెల్డింగు చేసేవారికి హెచ్చరిక

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 12వ అధ్యాయం అగ్నికర్మను బోధిస్తుంది. పొగ సోకినవానిని అక్కడ ‘ధూమోపహతుడు’ అన్నారు. ఆయాసం, దగ్గు, తుమ్ములు, కళ్ళమంట అతని లక్షణాలు. ఇవి వెంటనే బయటపడతాయి. లోహధూమం మాత్రం గంటలపాటు మౌనంగా ఉండి, ఆపై బాధిస్తుంది.

సికిందరాబాదులో ఒక వర్షాకాలం ఓ యువకుడు నా వద్దకు వచ్చాడు. రాణీగంజ్‌లో కొన్న జి.ఐ. పైపులతో గేటు చేస్తూ, జల్లు కొడుతోందని షెడ్డు తలుపులు మూశాడట. పగలు ఏమీ తెలియలేదు. రాత్రికి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు, నోట లోహపు రుచి. ఇంట్లోవారు మలేరియా అనుకొన్నారు. రెండవ నాటికి తగ్గింది. ఆ మరుసటి వారం మళ్ళీ వెల్డింగు, మళ్ళీ జ్వరం!

కారణం

జి.ఐ. పైపు మీది పూత జింకు. మన శాస్త్రంలో యశదం. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. యశదం 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలిలో కలిసి తెల్లని పొగగా మారుతుంది. దానిని పీల్చిన 4 నుండి 10 గంటలకు జ్వరం వస్తుంది. గురుకులంలో యశదాన్ని కరిగించే రోజున మా గురువుగారు మూసను ఆరుబయట పెట్టించి, మమ్మల్ని గాలివాలుకు కూర్చోనిచ్చేవారు కారు. ఆ నియమంలోని అర్థం నాకు తరువాత బోధపడింది.

పాటించవలసినవి

1. ఆరుబయట పని చేయడం ఉత్తమం. షెడ్డులోనైతే ఎదురెదురు తలుపులు తెరవాలి.
2. పంకా గాలి పక్కనుండి వీచి పొగను బయటికి నెట్టాలి. పైకప్పు పంకా పొగను గదంతా కలుపుతుంది.
3. పొగ లేచే దారిలో తల వంచరాదు.
4. అతికేచోట రెండు వైపులా రెండు మూడు అంగుళాల మేర జింకుపూతను, రంగును ముందే తొలగించాలి. అప్పుడూ మాస్కు ఉండాలి.
5. చేతిరుమాలు చాలదు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 వంటి మాస్కు ధరించాలి. అది విషవాయువులను ఆపదు కనుక గాలి ప్రసరణ తప్పనిసరి.
6. క్లోరిన్ కలిసిన ద్రావకాలతో తుడిచిన లోహాన్ని వెల్డింగు చేయరాదు. ఫాస్‌జీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు.

పాలు, బెల్లం

వెల్డింగు చేసేవారు పాలు త్రాగితే, బెల్లం తింటే పొగ విరుగుతుందని నమ్మకం. అవి ఆహారమే, చేరేది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు. వాటి ధైర్యంతో తలుపులు మూయకండి. ధూమోపహతునికి శాస్త్రం చెప్పిన వమనాన్నీ ఇంట్లో ప్రయత్నించరాదు.

ఆయాసం, ఛాతీ బిగింపు, పెదవులు నీలమవడం కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి. కాడ్మియం పూత పొగ కూడా మొదట సాధారణ జ్వరంలాగే ఉండి, ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తులను నీటితో నింపగలదు. ఏ లోహాన్ని అతికారో వైద్యునికి తప్పక చెప్పండి.

జ్వరం రాకపోయినా నిశ్చింత లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు ధూమాన్ని మానవులకు క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. చికిత్సలో మొదటి మెట్టు నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని విడిచిపెట్టడం. ఇక్కడ ఆ మెట్టు, తెరిచిన తలుపు.