వెనక టైరు మార్చే ముందు ఒక లెక్క



క్రూయిజరు బండికి వెనక ఇంకా లావు టైరు వేయించవచ్చా అని కారియాపట్టి చుట్టుపక్కల కాలేజీ పిల్లలు నన్ను అడుగుతుంటారు. జవాబు మీరే లెక్క కట్టి తెలుసుకోవచ్చు.

బజాజ్ అవెంజర్ 220 వెనక టైరు సైజు 130/90-15. ఇందులో 130 వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, అనగా 117 మి.మీ. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. అంటే 381 మి.మీ. మొత్తం వ్యాసం 381 + 117 + 117 = 615 మి.మీ.

అదే 140/90-15 అయితే పక్కగోడ 126, వ్యాసం 633 మి.మీ. అంటే టైరు ఒక్కో పక్కకు 5, పైకి 9 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి పాత టైరు ఉండగానే చైను, స్వింగ్ ఆర్మ్, మడ్‌గార్డుల దగ్గర ఖాళీ కొలవండి. వెనక మనిషి కూర్చుంటే మడ్‌గార్డు దగ్గర ఖాళీ ఇంకా తగ్గుతుంది. మదురై–తూత్తుకుడి రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు టైరు చైనుకు రాసుకుంటే కోతపడి పగలవచ్చు. అది ప్రాణాపాయం.

రిమ్ము పాతదే ఉంచితే టైరు అంచులు లోపలికి నొక్కుకొని, నడుమ గుండ్రంగా ఉబ్బుతుంది. అప్పుడు నేలను పట్టే జాగా అనుకున్నంత పెరగదు. మలుపుల్లో బండి తీరు మారుతుంది. అందుకని కంపెనీ పుస్తకంలో ఇచ్చిన సైజే క్షేమం.

అభ్యాసం: 150/80-15 టైరు వ్యాసం ఎంత? 621 మి.మీ. రావాలి. ఎత్తు పెద్దగా పెరగలేదు, కానీ చైను వైపు ఎంత జరిగిందో మీరే చెప్పండి.