క్యాష్‌లో పాత సమాచారాన్ని గుంపుగా రద్దు చేయడం

కంప్యూటర్ కోర్సులు చదువుతున్న మన స్కాలర్‌షిప్ విద్యార్థులకు ఈసారి ఒక చిన్న పాఠం. డేటాబేస్‌ను మాటిమాటికీ అడగకుండా, తయారైన పేజీని మెమరీలో దాచి అందించడమే క్యాష్. 2003లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ లైవ్‌జర్నల్ కోసం తయారుచేసిన మెమ్‌క్యాష్‌డ్ ఇందుకు బాగా పేరుపొందింది. దాచడం తేలికే. చిక్కంతా తీసేయడంలో ఉంది.

స్కాలర్‌షిప్ జాబితానే తీసుకుందాం. తమిళనాడు దరఖాస్తులు కోర్సులవారీగా 40 పేజీల్లో దాచి ఉన్నాయనుకోండి. హోసూరు అమ్మాయి మార్కులు సరిదిద్దితే ర్యాంకులన్నీ కదులుతాయి. ఒక్క పాత పేజీ మిగిలినా, ఎంపికైన పిల్ల తన పేరు లేదనుకుని గడువులోగా సర్టిఫికెట్లు పంపదు. మెమ్‌క్యాష్‌డ్‌లో ఒక గుంపును మాత్రమే తుడిచే ఆదేశం లేదు. మొత్తం ఖాళీ చేస్తే ఒడిశా, యానాం పేజీల భారం కూడా ఒక్కసారిగా డేటాబేస్ మీద పడుతుంది.

నేను వాడమనేది గుంపు సంఖ్య. తమిళనాడుకు అది 7 అనుకుందాం. పేజీ కీ 'తమిళనాడు-7-డిగ్రీ-3' అవుతుంది. సవరణ డేటాబేస్‌లో ఖాయమయ్యాక 7ను 8 చేస్తే చాలు. పాత పేజీలను ఇక ఎవరూ అడగరు, చోటు చాలనప్పుడు అవే తొలగిపోతాయి. ప్రతిసారీ సంఖ్యను కూడా చదవాలి, ఆ కాస్త ఖర్చు భరించదగ్గదే.

పేజీ తయారుచేసే ప్రోగ్రాము డేటాబేస్ చదవకముందే సంఖ్య చదవాలి, దాచేటప్పుడూ అదే వాడాలి. లేకుంటే పాత ర్యాంకులు 8 కింద చేరతాయి. సంఖ్యే మెమరీ నుంచి పోతే మళ్ళీ 1 నుంచి మొదలుపెట్టకండి, పాత పేజీలు లేచి కూర్చుంటాయి. అప్పటి గడియారపు సెకన్ల లెక్కతో మొదలుపెట్టండి. అన్నట్టు, కీలు తెలుగులోనే పెట్టాలని ముచ్చటపడేవారు పొదుపుగా పెట్టండి: కీకి 250 బైట్లే హద్దు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పోతాయి.