జంట బాణీలకు పక్షాలెందుకు?

సమస్య

సంగీత దర్శకులు రాజ్-కోటి విడిపోయి ముప్పయ్యేళ్లు దాటినా ఆ సంగతి మింగుడుపడకపోవడం కొడవలూరుకు చెందిన ఒక వరి రైతు సమస్య. ఆయన వయసు యాభై దాటింది. కాలేజీ రోజుల్లో నెల్లూరులో కొన్న వాళ్ల క్యాసెట్లు బీరువా పైఅరలో వరసగా ఉన్నాయి. కోటి ఒక్కరి పేరుతో వచ్చినవి బావమరిది తెచ్చిస్తే, సీలు కూడా తీయకుండా అట్టపెట్టెలో పడేశారు. రాజ్‌కు సినిమాలు తగ్గడానికి కోటే కారణమని ఆయన కోపం. 2023 మేలో రాజ్ మరణించాక అది పంతమైంది. టీవీలో కోటి కనిపిస్తే ఛానల్ మార్చేస్తారు. కోటి పాటలంటే చెవి కోసుకునే బావమరిదితో సంక్రాంతికి మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. పాత పాట పెట్టినా ఆ బాణీ ఎవరిదన్న లెక్కే తప్ప సంతోషం కలగడం లేదు. ఇంత అభిమానం తప్పా అన్నది ఆయన ప్రశ్న.

సలహా

అభిమానం తప్పు కాదు. దానికి పక్షం కట్టడమే చిక్కు తెచ్చింది. రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు, సంగీత దర్శకుడు టి.వి.రాజు కొడుకు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు, సాలూరి రాజేశ్వరరావు కొడుకు. ఇద్దరూ సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకులుగా పనిచేసి, 1983లో ‘ప్రళయ గర్జన’తో జంటగా సంగీత దర్శకులయ్యారు. ‘యముడికి మొగుడు’ (1988), ‘బావా బావమరిది’ (1993) దాటి ‘హలో బ్రదర్’ (1994)తో నంది అవార్డు అందుకున్నారు. తర్వాత ఎవరి దారి వారిదైంది. రాజ్ ‘సిసింద్రీ’ (1995) చేశారు. కోటి ‘నువ్వే కావాలి’ (2000), ‘నువ్వు నాకు నచ్చావ్’ (2001) వంటివి చేశారు. సినిమాలు రావడం, రాకపోవడం నిర్మాతల అవసరాన్ని, కాలం మారిన తీరును బట్టి ఉంటుంది. దానికి ఒక్క మనిషిని బాధ్యుణ్ని చేయడం న్యాయం కాదు.

బాణీలను పంచే లెక్క కూడా తేలేది కాదు. సినిమా పాటలో పల్లవి ఒకరికి తడితే చరణం ఇంకొకరు అల్లవచ్చు. మధ్యలో వచ్చే వాద్యాల బిట్లు, లయ, గాయకుడు అప్పటికప్పుడు వేసే సంగతి అన్నీ కలిస్తేనే అది పాట. అందులో వాద్యకారుల పాలూ ఉంటుంది; ఎ.ఆర్.రెహమాన్ కూడా తొలి రోజుల్లో ఈ జంట దగ్గర కీబోర్డు వాయించినవారే.

జంటలు విడిపోవడం కొత్త కాదు. తమిళ సంగీత దర్శకుల జంట విశ్వనాథన్-రామమూర్తి 1965లో విడిపోయి, 1995లో ఒక తమిళ సినిమాకు మళ్లీ కలిశారు. నెల్లూరు జిల్లా బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడవద్దని ఇళయరాజా 2017లో నోటీసు పంపారు. 2019లో ఇద్దరూ చెన్నైలో ఒకే వేదిక మీద కనిపించారు. గొడవపడినవారు కలిసిపోయాక, వారి తరఫున తగువులాడిన అభిమానుల దగ్గర పగ ఒక్కటే మిగిలింది.

చేయవలసినవి మూడు. మొదటిది, క్యాసెట్ల సంరక్షణ. తీరప్రాంతపు తేమకు టేపు బూజు పడుతుంది. పిల్లల సాయంతో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ పనిలో కూర్చుంటే నాన్న పిచ్చి ఏమిటో పిల్లలకూ కాస్త అర్థమవుతుంది. రెండవది, సీలు తీయని క్యాసెట్లలో ఒకదాన్ని కొత్త సంగీత దర్శకుడి పాటలు విన్నట్టు వినాలి. నచ్చకపోతే పక్కన పెట్టేయవచ్చు, వినకుండా తీర్పు చెప్పకూడదు. మూడవది, బావమరిది ఇంటికి వెళ్లాలి. ఇద్దరికీ సమ్మతమైన ‘బావా బావమరిది’ పాటలతో మాట కలపవచ్చు. ఇవన్నీ చేసినా కోపం తగ్గక నిద్ర పట్టకపోతే మానసిక వైద్యుణ్ని కలవడానికి మొహమాటపడనక్కర్లేదు.

రాజ్-కోటి తగువు వాళ్లిద్దరిది. బావమరిదితో తగువు మాత్రం ఈ రైతుదే. దాన్ని తీర్చుకోవడానికి మళ్లీ సంక్రాంతి దాకా ఆగనక్కర్లేదు.