కాలువగట్టు మీద సైకిల్ - కొన్ని మెళకువలు

వానాకాలంలో కాలువగట్టు మీదుగా బడికి వెళ్లే తమ్ముళ్ల కోసం మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

టైరులో గాలి పీడనం సగానికి తగ్గితే, అదే బరువుకు టైరు నేలను తాకే వైశాల్యం సుమారు రెట్టింపవుతుంది. పట్టు పెరుగుతుంది. మౌంటెన్ బైక్‌కు లావు టైర్లు అందుకే. మన సన్న టైర్లలో మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు చిరుగుతుంది.

అసలు సంగతి బ్రేకు. 1976లో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ యువకులు పాత సైకిళ్లతో కొండ దిగే పందెం మొదలుపెట్టారు. బ్రేకు వేడికి వెనక హబ్బులో గ్రీజు కాలిపోయేది. మళ్లీ గ్రీజు నింపాల్సి రావడంతో ఆ పందేనికే ‘రీప్యాక్’ అని పేరొచ్చింది! మన గట్టుకు అంత వాలు లేదు, కానీ పక్కనే నీళ్లున్నాయి. రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. తడి ఆకుల మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. అందుచేత మలుపు రాకముందే వేగం తగ్గించాలి. వెనక క్యారియర్ మీద ఇంకొకరు కూర్చుంటే మరింత ముందుగా.