క్షణకాలపు వేడి.. చేతినిండా పని

పామూరు వైపు పదో తరగతి అయ్యాక ఐటీఐలో చేరదామనుకునే పిల్లల్లో, వెల్డర్ ట్రేడ్ అంటే గేట్లు, గ్రిల్స్ పనే అనుకునేవారున్నారు. కార్ల బాడీలు, ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు తయారయ్యేదీ వెల్డింగ్‌తోనే. అక్కడ ఎక్కువగా కావాల్సింది స్పాట్ వెల్డింగ్, అంటే రెండు లోహపు రేకులను కరెంటు వేడితో చుక్కలు చుక్కలుగా అతికించడం.

కిటుకు ఇదీ

బ్యాటరీల పనికి వాడే చిన్న స్పాట్ వెల్డింగ్ మెషీన్‌లో 20 వాట్ల సరఫరాతో కెపాసిటర్లను (విద్యుత్తును నిల్వ చేసే భాగాలను) 10 సెకన్లు ఛార్జ్ చేస్తే, నష్టాలు పక్కన పెడితే, 200 జౌళ్ల శక్తి చేరుతుంది. దాన్ని 5 మిల్లీసెకన్లలో వదిలితే సగటున 40 వేల వాట్లు! చిన్న బల్బుకు సరిపోయే కరెంటే ఆ కాసేపట్లో లోహాన్ని కరిగించేస్తుంది. రెండు రేకులు కలిసే చోట నిరోధం ఎక్కువ కాబట్టి వేడి అక్కడే పుడుతుంది.

లిథియం సెల్‌పై నికెల్ పట్టీని ఇలాగే అతికిస్తారు. టంకం పెట్టే ఐరన్‌ను సెల్ మీద ఎక్కువసేపు ఆనిస్తే వేడి లోపలికి దిగి సెల్ దెబ్బతింటుంది. స్పాట్ వెల్డింగ్‌లో ఆ ప్రమాదం చాలా తక్కువ. అతుకు గట్టిదో కాదో తెలియాలంటే నమూనా పట్టీని పట్టకారుతో లాగి చూడండి. పట్టీ చిరిగి, చుక్క సెల్‌కే అంటుకుని ఉంటే మంచి అతుకు. పట్టీ శుభ్రంగా ఊడొస్తే కరెంటో, సమయమో, ఒత్తిడో సరిపోలేదన్నమాట.

ఏం చదవాలి?

ఐటీఐలో వెల్డర్ ఏడాది కోర్సు, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల కోర్సు. బ్యాటరీలపై ఆసక్తి ఉంటే ఎలక్ట్రీషియన్, కార్ల తయారీ వైపు వెళ్లాలంటే వెల్డర్ తీసుకోండి. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని అవకాశం సంపాదిస్తే స్టైపెండ్‌తో పాటు ఫ్యాక్టరీ అనుభవమూ వస్తుంది.

ఎక్కడ అవకాశాలు?

2019లో ఉత్పత్తి మొదలైన పెనుకొండ దగ్గరి కియా ప్లాంటులో కార్ల బాడీల అతుకులు రోబోలు వేస్తాయి. వాటిని సెట్ చేయడానికి, అరిగిన రాగి ఎలక్ట్రోడ్లు మార్చడానికి, అతుకులు పరీక్షించడానికి మనుషులు కావాలి. బ్యాటరీల రంగంలో అమరరాజా మన రాష్ట్ర సంస్థే. పామూరులోనే ఉండాలనుకుంటే ఈ-బైకుల బ్యాటరీ మరమ్మతుల షాపు పెట్టుకోవచ్చు.

జాగ్రత్త!

వీడియోలు చూసి ఇంట్లో స్పాట్ వెల్డర్ చేద్దామని పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ విప్పొద్దు. అందులో దాదాపు 2 వేల వోల్టులు పుడతాయి, ముట్టుకుంటే ప్రాణం పోతుంది. స్విచ్ ఆపినా ఓవెన్ కెపాసిటర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. రక్షణ కళ్లద్దాలు లేకుండా వెల్డింగ్ పనికి దిగొద్దు. సెల్స్‌తో పని చేసేటప్పుడు వాచీ, ఉంగరం తీసేయండి.

ఐటీఐలో చేరే ముందు అక్కడి వర్క్‌షాపు చూడండి. స్పాట్ వెల్డింగ్ మెషీన్ ఉందా, విద్యార్థుల చేత చేయిస్తారా అని అడిగి తెలుసుకోండి. మెషీన్ మీద చెయ్యి తిరిగినవారినే కంపెనీలు వెతుక్కుంటాయి.