తొట్టి పక్కన పడి ఉన్న కాకి

ముప్పై రెండేళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఫోన్ చేసి, "గొడ్డుకు పురుగుమందు పెట్టి చంపారంటున్నారు సార్, ఏం చేయమంటారు?" అని అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

1. కత్తి తీసే ముందు ముక్కు, మలద్వారం చూడండి. గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతుంటే దొమ్మరోగం కావచ్చు, కోయొద్దు. లేత జొన్న మేసి పడిపోయిన గొడ్డు కూడా విషం తిన్నట్టే కనిపిస్తుంది. ఊరంతా ఒకడి పేరే చెబుతున్నా సరే, ముందు మేత సంగతి అడగండి.

2. శవం కంటే ముందు దాని చుట్టూ చూడండి. ఒక ఊళ్లో పాలిచ్చే గేదె తెల్లారేసరికి పాకలో చచ్చిపడి ఉంది. పాము కరిచిందని ఆ ఇల్లాలు ఏడుస్తోంది. గేదె మూతి దగ్గర ఈగలు చచ్చి రాలి ఉన్నాయి. తొట్టికి రెండడుగుల దూరంలో ఒక కాకి రెక్కలు పరుచుకుని పడి ఉంది. తొట్టి అడుగున మిగిలిన తవుడు ముద్దను పుల్లతో విడదీస్తే, ఇసుక రేణువుల్లా గుళికలు. పాము కరిస్తే ఈగలెందుకు చస్తాయి? ఆ తవుడు, ఆ కాకి రెండూ సాక్ష్యమే. గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి, ఆ పురుగుమందులు చర్మం గుండా కూడా ఎక్కుతాయి.

3. ఇది నా తప్పు. సర్వీసు తొలినాళ్లలో ఒక జత ఎద్దుల కాలేయం ముక్కలు ఫార్మలిన్‌లో వేసి పంపాను. పరీక్షకు పనికిరావని తిరిగొచ్చాయి, కేసు పోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం నేనింకా మరిచిపోలేదు. విషం పరీక్షకు పొట్టలోని మేత, కాలేయం, మూత్రపిండం వేర్వేరు వెడల్పు మూతి సీసాల్లో పెట్టాలి. ఇక కరగదు అన్నంతవరకు ఉప్పు కలిపిన నీళ్లు పోయాలి. అవే ఉప్పునీళ్లు ఉత్తవి మరో సీసాలో పంపాలి. లక్కముద్ర, పంచుల సంతకాలు, సీసా చేయి మారిన ప్రతిచోటా రసీదు ఉండాలి.

4. మందు పేరు ఊహించి రాయొద్దు. చొంగ, కండరాల అదురు, సూదిమొనంత కంటిపాప, ఘాటు వాసన: మీరు చూసింది ఒకచోట, యజమాని చెప్పింది వేరొకచోట రాయండి. పేరు ల్యాబ్ చెబుతుంది.

5. పక్కన ఇంకో గొడ్డు ఇవే లక్షణాలతో కొట్టుకుంటుంటే ల్యాబ్ కోసం ఆగకండి. అట్రోపిన్ మీ సంచిలో ఉండాలి.

6. పాత ఐపీసీలో జంతువు ధర పది రూపాయలా, యాభై రూపాయలా అన్న లెక్క ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఆ లెక్క లేదు. ఏ జంతువును విషం పెట్టి చంపినా ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. వీధికుక్క కేసు కట్టడానికి స్టేషన్లో వెనకాడితే ఈ సెక్షన్ చూపించండి. నెమలో, పులో అయితే 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. అందులో విషం పెట్టడమూ వేటే.

7. విషం తిన్న శవాన్ని బయట పారేయనివ్వకండి. కుక్కలు, రాబందులు వరసగా పోతాయి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు చనిపోయినప్పుడు, విషం కలిపిన పశువు కళేబరం సంగతి బయటికొచ్చింది. పులి చంపిన తన ఆవును చూస్తున్న మనిషి కడుపు ఎంత మండుతుందో నాకు తెలుసు. అందుకే, మీ పరిధిలో పులి పశువును చంపితే చీకటిపడకముందే ఆ ఇంటికి వెళ్లండి. అటవీశాఖ పరిహారం కాగితాలు దగ్గరుండి నింపించండి. పోస్టుమార్టం రిపోర్టు ఆ రోజే చేతికివ్వండి.